తెరమీది అడవి, మన అడవి

కడప జిల్లాలోని మూడు ఊళ్ల పేర్లను ఒక్కసారి తలచుకొందము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. మొదటి పేరులో వేకువ ప్రొద్దు వినబడుచున్నది. రెండవ పేరులో జమ్ము పెరిగిన మడుగు ఒకటి కనబడుచున్నది. ఇక మూడవది. పులివెందుల పూర్వనామము పులిమందల యనియు, పులులు మందలుగా తిరుగాడిన తావు గనుక ఆ పేరు వచ్చినదనియు ఆ సీమవారు చెప్పుకొందురు. పులి ఒంటరిగా తిరుగు మృగమే గాని మందగట్టునది కాదని ప్రకృతిశాస్త్రము తెలిసినవారు ఆక్షేపింపవచ్చును. ఊరిపేరుకు శాస్త్రముతో అంత పనిలేదు. ఇచ్చట ఒకనాడు అడవి యుండినదని చెప్పుటకు జనులు దాచుకొన్న జ్ఞాపకము అది. ఈనాడు ఆ తావులలో కనబడునవి శనగ చేలు, వేరుశనగ చేలు, చీనీతోటలు, నాపరాతి గనులు.

పులి పేరులో మాత్రమే మిగిలిన ఇట్టి సీమకు అడవి మరొక దారిని వచ్చినది. అది తెరమీద వచ్చినది. ఆ అడవిలో పులికి బదులు సింహమున్నది. చెంచువానికి బదులు కొమ్మపట్టి ఊగు తెల్లదొర యున్నాడు. హాలీవుడ్ వారు తొలినాళ్లలో తీసిన అడవి సాహస చిత్రములు, వానిలో ముఖ్యముగా 1932లో వెలువడిన టార్జాను టాకీ, ఎట్లు పుట్టినవో, ఏ పనితనముతో తయారైనవో, మన దక్షిణదేశముతో ఎట్టి చుట్టరికము పెట్టుకొన్నవో ఈ ప్రసంగములో చెప్పదలచినాము. ఈ కథ పొడుగునా మమ్ము వెంటాడిన ప్రశ్న యొక్కటే: అడవిని ఎరిగినవాడు ఎవడు?

ఈ కథకు మొదలు మన దేశములోనే ఉన్నది. బొంబాయిలో జన్మించిన ఆంగ్ల రచయిత కిప్లింగు 1894లో అడవి కథల సంపుటి నొకదానిని ప్రకటించినాడు. తోడేళ్లు పెంచిన మౌగ్లీ అను బాలుడు అందులోని నాయకుడు. మధ్య భారతములోని సియోనీ కొండలు ఆ కథకు రంగస్థలము. ఆ పుస్తకము లోకమంతట వ్యాపించిన పదునెనిమిదేండ్లకు, 1912లో, అమెరికాలో ఎడ్గార్ రైస్ బరోస్ అను రచయిత ఒక చవుకరకపు కథాపత్రికలో టార్జాను కథను ప్రకటించినాడు. ఆఫ్రికా తీరమున దిక్కులేక చిక్కుకొన్న ఆంగ్ల ప్రభుదంపతుల శిశువును వానరములు పెంచుట, ఆ శిశువు పెరిగి అడవికి ఏలిక యగుట అందలి ఇతివృత్తము. 1914లో అది పుస్తకరూపము దాల్చినది. బరోస్ ఆఫ్రికాను ఒక్కనాడైనను కన్నులార చూచినవాడు కాడు.

చూడనివాడు వ్రాసిన అడవిలో ఏమి జరుగునో అదియే జరిగినది. పత్రికలో వచ్చిన కథలో సాబోర్ అను పేరుగల పులి యొకటి ఆఫ్రికా అడవిలో తిరుగాడినది. ఆఫ్రికాలో పులులు లేవు. పాఠకులు ఆ సంగతి ఎత్తిచూపగా, పుస్తకము వచ్చునాటికి ఆ పులి ఆడసింహముగా మారిపోయినది. పులివెందులవారు ఈ ముచ్చట విన్నచో నవ్వుకొనక తప్పదు. ఉన్నచోట పులి పేరుగా మిగిలినది, లేనిచోట కొన్నాళ్లు కథలో బ్రదికి, పిమ్మట సింహమునకు చోటిచ్చి తప్పుకొన్నది.

టార్జాను తొలిసారి తెరకెక్కినది 1918లో. ఎల్మో లింకన్ అను బలిష్ఠుడైన నటుడు ఆ మూగచిత్రములో నాయకుడు. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున, మోర్గన్ సిటీ చెంతనున్న చిత్తడినేలలు ఆ చిత్రమునకు ఆఫ్రికా యైనవి. మూగచిత్రమునకు భాష అక్కరలేదు. పరుగు, పోరు, గండము, విడుదల, ఇవి ఏ ఊరివానికైనను అర్థమగును. అందువలన ఇట్టి చిత్రములును, వారము వారము భాగములుగా వచ్చు సాహస ధారావాహికలును అమెరికా దాటి దేశదేశములకు వ్యాపించినవి.

మన దేశములో వాని ప్రాబల్యము ఎంతటిదో తెలుసుకొనుటకు ఒక ఆధారమున్నది. 1927లో భారత ప్రభుత్వము చలనచిత్రముల స్థితిగతులను విచారించుటకు ఒక సంఘమును నియమించినది. మదరాసు న్యాయవాది దివాన్ బహదూర్ టి. రంగాచారియారు దానికి అధ్యక్షులు. 1928లో వెలువడిన వారి నివేదిక, ఈ దేశమున ప్రదర్శింపబడు చిత్రములలో అధికభాగము అమెరికావే యని తేల్చినది. నగరములలోని గొప్ప థియేటర్లలో మాత్రమే గాక సామాన్యజనులు కూర్చుండు చోటులందును అమెరికా సాహస ధారావాహికలకు మంచి ఆదరణ యుండినది.

ఇక హాలీవుడ్ వారు నిజమైన అడవిని వెదకికొనుచు పోయిన ఘట్టము. 1929లో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ డబ్ల్యు. ఎస్. వాన్ డైక్ అను దర్శకుని నాయకత్వమున ఒక బృందమును తూర్పు ఆఫ్రికాకు పంపినది. తీయవలసిన చిత్రము పేరు ట్రేడర్ హార్న్. దంతపు వ్యాపారము చేసిన ఒక వృద్ధుని అనుభవముల పేర 1927లో వచ్చిన పుస్తకము దానికి మూలము. బృందము నెలల తరబడి ఆఫ్రికాలో వసించినది. ఎండ, జ్వరములు, దోమలు, దూరప్రయాణములు, ఇవి చిత్రములో కనబడనివి, చిత్రమునకు చెల్లించిన మూల్యము. నాయికగా నటించిన ఎడ్వినా బూత్ అచ్చట జబ్బుపడి, పిమ్మట చాలకాలము కోలుకొనలేదు. ఆమె ఆ సంస్థపై దావా వేసినది. ఆ చిత్రముతో ప్రారంభమైన ఆమె కీర్తి ఆ చిత్రముతోనే ఇంచుమించు ముగిసినది.

ఆ బృందము ఆఫ్రికాలో ఉండగనే సినిమాలోకము మూగతనము వీడి మాటాడ నేర్చుకొన్నది. శబ్దగ్రహణ యంత్రములను అంతదూరము తరలింపవలసి వచ్చినది. అయినను సంభాషణల ఘట్టములు చాలవరకు తిరిగి హాలీవుడ్‌లో తీసినారు. మృగముల పోరాటములు కొన్ని మెక్సికోలో తీసినారు. 1931లో విడుదలైన ఆ చిత్రమునకు గొప్ప పేరు వచ్చినది. ఆ ఏటి ఉత్తమ చిత్రపు ఆస్కార్ బహుమతికి పోటీపడిన చిత్రములలో అది యొకటి. బహుమతి మాత్రము సిమరాన్ అను చిత్రమునకు దక్కినది.

అంత వ్యయప్రయాసలకోర్చి ఆఫ్రికాలో తీసిన ఫిల్ములో వాడుకొనగా చాల మిగిలిపోయినది. మిగిలిన సరుకును వృథాచేయుట వ్యాపారలక్షణము కాదు. అదే సంస్థ, అదే దర్శకుడు, ఆ మిగులు ఫిల్మును ఆధారము చేసికొని మరుసటి యేడు మరియొక చిత్రము తయారుచేసినారు. అదియే 1932 మార్చిలో వెలువడిన టార్జాను టాకీ. ఈసారి ఎవరును ఆఫ్రికాకు పోలేదు. నటులందరు కాలిఫోర్నియాలోని సరస్సుల యొడ్డున, తోటలలో నటించినారు. వారి వెనుక, నడుమనడుమ, ఆఫ్రికాలో తీసిన దృశ్యములు అతికించినారు.

నాయకుడు జానీ వైస్‌ముల్లర్. అప్పటి ఆస్ట్రియా-హంగరీ రాజ్యమున జన్మించి శైశవముననే అమెరికా చేరినవాడు. 1924లో పారిస్‌లోను, 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లోను జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈతలో అయిదు స్వర్ణపతకములు గెలిచినవాడు. నటన నేర్చినవాడు కాకపోవుటయే ఆ పాత్రకు మేలైనది. అడవిలో పెరిగినవానికి మాటలు కొన్ని చాలును. 1932 మొదలు 1948 వరకు ఆయన పండ్రెండు చిత్రములలో టార్జానుగా నటించినాడు. జేన్ పాత్ర ధరించిన మారీన్ ఓ సల్లివన్ కూడ ఆ చిత్రముతో లోకప్రసిద్ధి పొందినది.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి. ఆఫ్రికా ఏనుగును లొంగదీసి నటింపజేయుట కష్టము. అమెరికాలోని సర్కసులవారి వద్దను, జంతుశాలలలోను ఉన్న సాధుజంతువులు ఆసియా ఏనుగులు, అనగా మన జాతివి. మన ఏనుగు చెవి చిన్నది, ఆఫ్రికా ఏనుగు చెవి చేటను మించినది. అందువలన మన జాతి ఏనుగులకు పెద్దపెద్ద తొడుగుచెవులు తగిలించి ఆఫ్రికా ఏనుగులుగా తెరమీద నడిపించినారు. కథలోనుండి మన పులిని వెళ్లగొట్టినారు గాని, మన ఏనుగులేక వారికి పని జరుగలేదు.

రేడియోలో పనిచేయు మాకు ఆ చిత్రములోని శబ్దము సంగతి ప్రత్యేకముగా రుచించును. టార్జాను పెట్టు కేక లోకములోని బాలురందరి నోట పలికినది. అది తన గొంతే యని వైస్‌ముల్లర్ చెప్పుకొన్నాడు. పలువిధముల శబ్దములు కలిపి తమ నిపుణులు తయారుచేసినదని స్టూడియో పక్షమువారు ప్రచారము చేసినారు. ఎవరి మాట నిజమైనను, కేవలము ఒక శబ్దముచేతనే మనిషిని గుర్తింపజేయుట ఆ చిత్రము సాధించిన పని. కన్నులు మూసికొని విన్నను అడవి కనబడును. ఆ విద్య రేడియో నాటకమునకు ప్రాణము వంటిది.

ఇంతవరకు చెప్పినది పనితనము. దానిని మెచ్చుకొనుటకు మాకు సంకోచము లేదు. ఆ చిత్రములు చూచి ఆనందించినవారిని తప్పుపట్టు ఉద్దేశమును లేదు. అయితే ఆ అడవిలో అసలు అడవివారికి దొరికిన చోటు ఎట్టిదో విచారింపవలెను.

టార్జాను చిత్రములోని కథ దంతము కొరకైన వేట. ఏనుగులు మరణించుటకు పోవు రహస్యస్థలము ఒకటి ఉన్నదని విని, అందలి దంతమును కొల్లగొనుటకు తెల్లవారి బృందము బయలుదేరును. మూటలు మోయువారు ఆఫ్రికావారు. ఇరుకైన కొండదారిలో ఒక కూలివాడు లోయలో పడి మరణించును. అయ్యో పాపమని ఒక్క మాట, వెంటనే వాని మూటలో ఏమున్నదని ప్రశ్న. ఆ ప్రశ్నతో ఆ మనిషి కథ ముగిసినది. అతని పేరు ప్రేక్షకునికి తెలియదు. పొట్టిజాతివారుగా చూపబడినవారు కూడ ఆఫ్రికావారు కారు. పొట్టివారైన తెల్లనటులకే నల్లరంగు పూసి నిలిపినారు. ట్రేడర్ హార్న్ చిత్రములోను అడవిజాతి నడుమ దేవతగా పూజలందుకొనునది ఒక తెల్లదొర కూతురే. ఆమెను విడిపించుకొని వచ్చుటయే కథ.

ఇట్లు తెరమీది అడవికి ఏలిక బయటివాడైనాడు. అతనికి చెట్టుచేమలు తెలుసును, మృగముల భాష తెలుసును. అచ్చట తరతరములుగా బ్రదికినవారికి మాత్రము భయపడుట, అరచుట, మూటలు మోయుట తప్ప మరేమియు తెలియదు. ఇది కథ మాత్రమే యని త్రోసివేయుటకు వీలులేదు. ఆ రోజులలో చట్టములును అట్లే నడచినవి. మన మదరాసు రాజధానిలో 1882 నాటి అటవీ చట్టము అడవులను రక్షితములుగా ప్రకటించి, అచ్చటివారికి వాడుకగా నున్న హక్కులకు గిరిగీసినది. నేరస్థ జాతుల చట్టము 1911లో ఈ రాజధానికి విస్తరించి, ఎరుకలవారు మొదలగు సంచారజాతులలోని కుటుంబములను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించినది. అది దేశమంతట రద్దగుటకు 1952 వరకు వేచియుండవలసి వచ్చినది. అడవిమనిషిని తెర ఎట్లు చూచినదో, కచేరీయు అట్లే చూచినది.

ఇట్టి చిత్రములు మన పల్లెపట్టులకు ఎట్లు చేరెడివి? రాయలసీమ గ్రామములకు సినిమాను తెచ్చినవి ముఖ్యముగా టూరింగు టాకీసులు. మదరాసునుండి బొంబాయికి పోవు ఇనుపదారి కడప జిల్లాను అడ్డముగా దాటును. ఎర్రగుంట్ల, ముద్దనూరు స్టేషనులు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలకు వాకిళ్లవంటివి. టూరింగు టాకీసు అనగా డేరా, తెర, ఒక ప్రొజెక్టరు, నేల టిక్కెట్టు. ఒకే యంత్రముండుట వలన రీలు రీలుకు ఆట ఆగెడిది. మాటలు తక్కువ, చేతలు ఎక్కువగా నున్న అడవి చిత్రములు అట్టి డేరాలకు సరిగా అతికిన సరుకు. ఇంగ్లీషు ముక్క రానివానికి కూడ సింహము సింహమే.

అయితే ఒక సంగతి విస్మరింపరాదు. టార్జాను టాకీ వెలువడిన 1932లోనే, దానికి నెలరోజులకు పైగా ముందు, ఫిబ్రవరి 6న, తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద బొంబాయిలో విడుదలైనది. హెచ్. ఎం. రెడ్డి దాని దర్శకులు. వానరములు పెంచిన మనిషి కథ అమెరికాలో మాట నేర్చుకొన్న సంవత్సరముననే, సింహము తలగల దేవుని కథతో మన భాష తెరమీద పలికినది. ఆ నరసింహుడు వెలసిన స్థలముగా మనవారు కొలుచు అహోబిలము ప్రొద్దుటూరునకు ఉత్తరముగా నల్లమల కొండలలో ఉన్నది. ఒకనాడది కర్నూలు జిల్లాలోనిది, 2022నుండి నంద్యాల జిల్లాలోనిది.

అహోబిలమునకు మరియొక కథ కలదు. హిరణ్యకశిపుని వధించి ఆగ్రహము తగ్గక అడవిలో తిరుగాడు స్వామిని ఒక చెంచుపడుచు శాంతింపజేసి చేపట్టినదని ఆ కథ. అహోబిల మఠమునకు చెందిన శఠగోప యతి వాసంతికా పరిణయమను పేర దీనిని సంస్కృత నాటకముగా వ్రాసినారు. నేటికిని సంక్రాంతి తరువాత జరుగు పారువేట ఉత్సవములో స్వామి నలభై దినములకు పైగా పల్లెపల్లె తిరుగును. తన పెండ్లికి జనులను పిలుచుటకు తానే బయలుదేరినాడని భక్తుల నమ్మకము. చెంచులు ఆ పల్లకివైపు బాణము వేసి సంప్రదాయము చెల్లింతురు. దేవుడు వారి ఇంటి అల్లుడు.

టార్జాను కథను ఈ కథ ప్రక్కన నిలిపి చూడుడు. అందులో బయటివాడు అడవికి ఏలిక యైనాడు. ఇందులో దేవుడంతవాడును అడవికి వచ్చి, అచ్చటి పిల్ల చేయిపట్టి, అచ్చటివారికి బంధువైనాడు. వేటగాడు, ఏలిక అను బాంధవ్యమునకు బదులు వియ్యము కుదిరినది.

ఈ కథను మన సినిమావారు విడిచిపెట్టలేదు. చెంచులక్ష్మి పేర తెలుగు చిత్రము 1943లో వచ్చినది. ఎస్. సౌందరరాజన్ దర్శకులు. కమలా కోట్నీస్ చెంచుపడుచుగా, సిహెచ్. నారాయణరావు నాయకుడుగా నటించినారు. అదే కథను బి. ఎ. సుబ్బారావు 1958లో మరల తీసినారు. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి అందు జంట. సాలూరు రాజేశ్వరరావు సంగీతము నేటికిని శ్రోతలు కోరి వినునది.

1943వ సంవత్సరమును గూర్చి ఇంకొక మాట. ఆ యేడు మూడు అడవులు లోకము ముందునకు వచ్చినవి. హాలీవుడ్ వారి టార్జాను తన అడవిలో జర్మను నాజీ సైనికులతో పోరాడి గెలిచినాడు. మన చెంచులక్ష్మి తెరకెక్కినది. మూడవది ఒక గ్రంథము. ఆస్ట్రియా దేశమున జన్మించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, యుద్ధమువలన హైదరాబాదు సంస్థానములో నిలిచిపోయి, నల్లమలకు చేరిన అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ వసించి, వారినిగూర్చి వ్రాసిన పుస్తకము 1943లోనే వెలువడినది. ఆ పుస్తకములోని చెంచువానికి పేరున్నది, చుట్టములున్నారు, పెంట అని పిలుచుకొను ఊరున్నది. ఏ గడ్డ ఏ కాలమున త్రవ్వవలెనో, కొండచరియకు పట్టిన తేనెను త్రాటితో దిగి ఎట్లు తీయవలెనో వానికి తెలుసును. అడవిని ఎరిగినవాడు ఎవడను ప్రశ్నకు అందు సమాధానమున్నది.

మన చిత్రములు అందరికంటె మేలైనవని చెప్పుకొనుట మా అభిమతము కాదు. మనవారును చెంచుపాత్రకు రంగురంగుల ఈకలు, ఆకులు తొడిగి, స్టూడియో అడవిలో ఆడించినారు. నిజమైన చెంచువారు ఆ వేషములను చూచి ఆశ్చర్యపడియుందురు. అయినను ఒక భేదము మిగిలియున్నది. ఆ కథలో చెంచుపడుచు కథానాయిక. ఆమె మాటకు విలువ ఉన్నది.

టార్జాను ప్రభావము మన దేశపు చిత్రములపై నేరుగాను పడినది. 1937లో బొంబాయిలో వాడియా మూవీటోన్ వారు తూఫానీ టార్జాన్ అను హిందీ చిత్రము తీసినారు. హోమీ వాడియా దర్శకుడు, జాన్ కావస్ నాయకుడు. అదే యేడు మైసూరు అడవులలో చిత్రించిన ఎలిఫెంట్ బాయ్ అను బ్రిటిషు చిత్రము వెలువడినది. కిప్లింగు కథయే దానికి ఆధారము. మైసూరు మహారాజు ఏనుగుశాలలో మావటియైన ఒకని కుమారుడు, పదమూడేండ్ల సాబు, దానిలో నాయకుడు. పిమ్మట హాలీవుడ్ చేరి, 1942లో మౌగ్లీ పాత్ర ధరించి, అమెరికా వాయుసేనలో తుపాకీదళ సభ్యుడై యుద్ధము చేసి, 1963లో ముప్పదితొమ్మిదవ యేట మరణించినాడు. తొడుగుచెవులు లేని ఏనుగు, రంగు పూయని మనిషి, ఆ చిత్రములో తెరమీద కనబడినవి.

ఇక కడప జిల్లావారు ప్రేక్షకులుగా మాత్రమే ఉండిపోలేదు. పులివెందుల ప్రాంతమునందలి కొత్తపల్లిలో 1908లో జన్మించిన బి. ఎన్. రెడ్డిగారు మదరాసు చేరి, 1939లో వందేమాతరము మొదలు మల్లీశ్వరి, బంగారుపాప వంటి చిత్రములు తీసినారు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము అందుకొన్న తొలి దక్షిణాది చలనచిత్రకారుడు ఆయన. ఆయన తమ్ముడు బి. నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి 1947లో చందమామను, పిమ్మట విజయా సంస్థను నడపినారు. సింహాద్రిపురమున పుట్టిన పద్మనాభము తెలుగువారిని తరతరములు నవ్వించినాడు. విజయావారు 1951లో తీసిన పాతాళభైరవిని ఈ సందర్భమున తలచుకొనవలెను. మాంత్రికుడు, గుహ, గండములు, సాహసములు, అన్నియు స్టూడియోలో అల్లినవే. నాయకుడు తోటరాముడు. టార్జాను అడవిలో పెరిగినను పుట్టుకచేత ఆంగ్ల ప్రభువు. తోటరాముడు పుట్టుకచేతను తోటమాలి కొడుకే. నేల టిక్కెట్టువాడు ఆ సాహసికునిలో తన్ను తాను చూచుకొన్నాడు. దర్శకులు కె. వి. రెడ్డిగారు పొరుగుననున్న తాడిపత్రివారు.

హాలీవుడ్‌వారు మాత్రము మన అడవులను విడువలేదు. 1952లో సేలములోని మోడరన్ థియేటర్స్ వారితో కలిసి ది జంగిల్ అను చిత్రము తీసినారు. ఈసారి మన ఏనుగులకు ఒడలెల్ల బొచ్చు తొడిగి, ఏనాడో అంతరించిన మామత్ అను మృగములుగా చూపినారు. 1932లో చెవులు, 1952లో బొచ్చు, ఓర్పుగల జంతువు గనుక ఏనుగు అన్నియు భరించినది. 1962లో టార్జాను పాత్రయే భారతదేశమునకు వచ్చినది. జాక్ మహోనీ నాయకుడుగా మన దేశముననే చిత్రించిన ఆ కథ ఒక జలాశయమును గూర్చినది. ఆనకట్ట నీటిలో మునుగనున్న లోయనుండి ఏనుగులను తప్పించుట అందలి సాహసము. మృగములతో పోరుట మాని, వానిని కాపాడవలెనన్న ఆలోచన ఆ నాటికి తెరమీదికి వచ్చినది. కాపాడువాడు మాత్రము మరల బయటివాడే.

తెరమీది కథను కొంత ఆపి, మన అడవిలోనే జరిగిన సాహసమొకటి చెప్పి ముగింతుము. కడప జిల్లాలో కలివికోడి అను పక్షి ఉండెడిది. జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు గుర్తింపగా 1848లో శాస్త్రలోకమునకు ఎక్కినది. పగలు పొదలలో దాగి, రాత్రివేళ తిరుగు పక్షి అది. 1900లో అనంతపురము చెంత ఒకసారి కనబడిన పిమ్మట, పక్షిశాస్త్రజ్ఞులకు మరల చిక్కలేదు. ఎనుబది యేండ్లకు పైగా వెదకివెదకి, అది అంతరించిపోయినదనియే చాలమంది తలచినారు. 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి అన్వేషణ ఫలించి, లంకమల కొండల చెంత రెడ్డిపల్లె పరిసరములలో అది సజీవముగా దొరికినది. ఎవరివలన? పక్షులు పట్టి జీవించు స్థానికుడొకడు, చూపిన బొమ్మను గుర్తించి, రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చినాడు. శాస్త్రజ్ఞులకు అంతరించిన పక్షి వానికి ఏనాడును అంతరింపలేదు. ఆ పక్షి కొరకు 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

హాలీవుడ్ ఈ కథను తీసియుండినచో, ఆ పక్షిని ఒక తెల్లదొర కొమ్మపట్టి ఊగుచు వచ్చి పట్టియుండును. నిజమునందు దానిని పట్టినవాడు, తెరమీదనైనచో మూట మోయుటకు మాత్రమే పనికివచ్చువాడు.

పులి సంగతియు చెప్పవలెను. పులిని చంపినవారికి బహుమానము లిచ్చిన ప్రభుత్వములు పోయి, 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యము నల్లమలలో ఏర్పడినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము, తరతరములుగా అడవిలో నున్నవారికి అన్యాయము జరిగినదని ఒప్పుకొని, వారి హక్కులను గుర్తించినది. పులిని కాపాడుట, చెంచువానిని కాపాడుట ఒకదానికొకటి విరోధము కాకుండ చూచుట నేటి బాధ్యత. పులి కొరకు చెంచువానిని అడవినుండి కదలింపవలెననువారును ఉన్నారు. పులి జాడను అందరికంటె ముందు గుర్తించువాడు ఆ చెంచువాడేనని మరువరాదు.

టార్జాను చిత్రములు మరల చూచు శ్రోతలు నిశ్చింతగా చూడవచ్చును. వైస్‌ముల్లర్ ఈతను, శబ్దనిపుణుల నేర్పును, ఏనుగుల ఓర్పును మెచ్చుకొనవచ్చును. అయితే ఆ కొండదారిలో కూలివాడు జారిపడిన ఘట్టము వచ్చినప్పుడు, వాని మూటలో ఏమున్నదను ప్రశ్నను తెరమీదివారికే విడిచిపెట్టుదము. ఆ మనిషి పేరేమి, అతనికి ఈ అడవిని గూర్చి ఏమి తెలుసు అని మనము అడుగుదము. జమ్ము లేని మడుగునకు, పులి లేని ఊరికి ఆ పేరులను నిలిపియుంచిన సీమవారికి ఆ ప్రశ్న కొత్తది కాదు.